మర్రిగూడ మట్టిల దొరికిన బ్యాక్టీరియాకు పేరు పెట్టుడు: నా అనుభవం

మా స్ట్రెయిన్ (మట్టిలకెళ్లి ఏరి పెంచిన బ్యాక్టీరియా) నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఒక బత్తాయి తోటల దొరికింది, బోరు నీళ్లు పారే కాల్వ పక్కన మట్టిల. ఆ దిక్కు నీళ్లల్ల ఫ్లోరైడ్ గురించి కొత్తగ చెప్పేదేం లేదు, లీటర్‌కు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు, ఆ ఊర్ల బోర్లు అది ఎన్నడో దాటినయి. మా గైడ్ సారు ప్రాజెక్టే ఫ్లోరైడ్ తట్టుకునే బ్యాక్టీరియా మీద. బ్యాక్టీరియాలను గుర్తుపట్టనీకి వాడే 16ఎస్ జీన్ సీక్వెన్స్ చేయిస్తే దగ్గరి చుట్టంతోని గూడ 98 శాతం కలవలే, తర్వాత జీనోమ్ చేయించినం, ఏఎన్ఐ (రెండు జీనోమ్‌లు ఎంత శాతం కలుస్తయో చెప్పే లెక్క) 90 లోపల్నే వచ్చింది, కొత్త స్పీషీస్‌కు 95, 96 కంటె తక్కువుంటే చాలంటరు గాబట్టి ఇగ అనుమానం లేకుండ పోయింది. పేరు పెట్టుడే మిగిలింది.

ఆ పేరు పెట్టుడు గురించే ఇదంత రాస్తున్న. ల్యాబ్ పని కంటె అదే ఎక్కువ సతాయించింది, మన దిక్కు కాలేజీలల్ల మైక్రోబయాలజీ చదివే పోరగాండ్లకు దీని గురించి ఒక్క క్లాస్‌ల గూడ చెప్పరు, 'ఇటాలిక్స్‌ల రాయాలె, జీనస్ మొదటి అక్షరం క్యాపిటల్' అని చెప్పి వదిలేస్తరు. జీనస్ పేరు మాత్రం ఇక్కడ చెప్పను, పేపర్ ఇంక రాలే. చివర 'బ్యాక్టీరియం' అని వస్తది, గంతవరకు గుర్తుపెట్టుకోండి, ముందట పనికొస్తది.

పేర్ల కోసం ఒక కోడ్ ఉంది, ఇంటర్నేషనల్ కోడ్ ఆఫ్ నోమెన్‌క్లేచర్ ఆఫ్ ప్రొకార్యోట్స్, ఐసీఎన్‌పీ అంటరు. ఇదివరకు బ్యాక్టీరియలాజికల్ కోడ్ అనేటోళ్లు. సారు నాకు దాని పీడీఎఫ్ పంపి 'చదువమ్మా, రూల్స్ అన్ని నువ్వే చూసుకో' అన్నడు. మొదట్ల ఒక్క ముక్క ఎక్కలే. ఒక రూల్ చదివితే ఇంకో రూల్ చూడమంటది, అది చూస్తే అపెండిక్స్‌కు పొమ్మంటది. కొన్ని దినాలు గట్లనే తిరిగినంక ఒక సంగతి తెలిసింది, అది ముందే తెలిస్తే మస్తు టైమ్ మిగిలేది: ఆ కోడ్‌ల ఉన్నయన్ని రూల్స్ కావు. ప్రిన్సిపుల్స్ వేరు, రూల్స్ వేరు, రెకమెండేషన్స్ వేరు. రూల్ తప్పితే పేరు నిలవదు. రెకమెండేషన్ తప్పితే పేరు నిలుస్తది గాని 'ఇదేం పద్ధతి' అంటరు, గంతే. కాబట్టి ఏ వాక్యం చదివినా ముందుగాల అది దేని కింద ఉందో చూసుకోవాలె, తర్వాత 'చెయ్యాల్సిందే' అంటున్నదా 'చేస్తే మంచిది' అంటున్నదా చూడాలె.

ఇట్ల చదువుకుంట పోతే నాకు విచిత్రంగ అనిపించింది ఏందంటే, మా ల్యాబ్‌ల అందరు 'రూల్, రూల్' అనేవి సగం కోడ్‌ల లేనే లేవు. ఉదాహరణకు 16ఎస్ 98.7 శాతం కంటె తక్కువుండాలనేది. సీనియర్లు 'రూల్ ప్రకారం' అని చెప్పేటోళ్లు. కోడ్ మొత్తం వెతికిన, ఆ నంబర్ యాడ లేదు. ఏఎన్ఐ లేదు, రెండు బ్యాక్టీరియాల డీఎన్ఏ ఎంత అతుక్కుంటదో చూసే హైబ్రిడైజేషన్ 70 శాతం గూడ లేదు. అవన్ని సైంటిస్టులు పేపర్లల్ల కుదుర్చుకున్న లెక్కలు, ఎడిటర్లు రివ్యూయర్లు వాటిని అడుగుతరు, అడగాలె గూడ, కాని కోడ్‌కు వాటితోని పనిలేదు. నీ బ్యాక్టీరియా నిజంగ కొత్తదా కాదా అన్నది కోడ్ చూడదు, నువ్వు కొత్తదని అనుకుంటే దానికి పేరెట్ల పెట్టాలె అన్నదే చూస్తది. వర్గీకరణ నీ ఇష్టం, పేరు మాత్రం మా పద్ధతిల ఉండాలె అంటది.

దీనికి మన హైదరాబాద్‌దే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఇస్రో వాళ్లు హైదరాబాద్ నుంచి బెలూన్ ఎగరేసి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల గాలి శాంపిళ్లు తెచ్చిన్రు, హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థల శివాజీ గారి టీమ్ అండ్లకెళ్లి మూడు కొత్త స్పీషీస్ తీసి 2009ల పేర్లు పెట్టిన్రు. ఇస్రో పేరు మీద బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ పేరు మీద జానీబ్యాక్టర్ హోయ్‌లై, ఆర్యభట్ట పేరు మీద బాసిల్లస్ ఆర్యభట్టై. పేపర్లల్ల గూడ మస్తు వచ్చింది అప్పుడు. పదేండ్ల తర్వాత 2019ల వేరేటోళ్లు జీనోమ్‌లు పోల్చి చూసి, ఈ ఆర్యభట్టై అనేది బాసిల్లస్ మెగాటేరియమ్మే, వేరే స్పీషీస్ కాదు అన్నరు. మెగాటేరియం 1884 నాటి పేరు, రెండు ఒకటే అనుకుంటే ముందు వచ్చిన పేరుకే హక్కు. ఇది విన్న మా జూనియర్ పిల్ల 'అయితే ఆర్యభట్ట పేరు తీసేసిన్రా అక్కా' అని బాధపడ్డది. తీసెయ్యలే. ఆ పేరు ఇప్పటికి వ్యాలిడే. రెండు ఒకటే అనుకునేటోళ్లు మెగాటేరియం అంటరు, కాదు వేరే అనుకునేటోళ్లు ఆర్యభట్టై అనే రాసుకోవచ్చు, కోడ్ ఇద్దర్ని ఏమనదు. 'వ్యాలిడ్' అంటే పేరు పద్ధతి ప్రకారం పుట్టింది అని మాత్రమే, 'సైన్స్ ప్రకారం ఇదే నిజం' అని కాదు. సర్కారు ఆమోదించిన వర్గీకరణ అని బ్యాక్టీరియాలల్ల ఏది లేదు, ఇది ఎంత చెప్పినా మా డిపార్ట్‌మెంట్‌ల కొందరు ఒప్పుకోరు.

ఇంకో సంగతి, 1980 జనవరి 1. పాత పేర్లు ఎన్నెన్నో ఉండేవట, ఒక్కదానికి పది పేర్లు, కొన్నిటికి కల్చర్ (ల్యాబ్‌ల పెంచిన బతికున్న క్రిమి) గూడ దొరకదు, ఒట్టి వర్ణన మాత్రమే. వాటన్నిటిని వడగట్టి పనికొచ్చేటివి ఒక లిస్టు చేసి, ఆ తారీఖు నుంచి ఆ లిస్టుల లేని పాత పేర్లకు హోదా లేదన్నరు. మొక్కలోళ్లు ఇప్పటికి 1753 దాకా, జంతువులోళ్లు 1758 దాకా వెనక్కి పోయి వెతుక్కోవాలె, మనకు ఆ బాధ లేదు. నేను చెక్ చేసుకునేదల్ల ఎల్‌పీఎస్ఎన్ అనే సైట్‌ల మా జీనస్ కింద అదే పేరు ఇదివరకు ఎవరన్న పెట్టిన్రా అని. వేరే జీనస్‌ల అదే పేరున్నా పర్వాలేదు.

ఇగ అసలు లొల్లి, ఏం పేరు పెట్టాలె.

సారుకు మొదటి నుంచి ఫ్లోరైడ్ ఉండాలె పేర్ల. 'ఫ్లోరిటోలరాన్స్' అన్నడు, ఫ్లోరైడ్ తట్టుకునేది అని. చెప్పాలంటే గ్రామర్ పరంగ అది చానా సుఖం, 'టోలరాన్స్' అనే రూపం పుంలింగం స్త్రీలింగం నపుంసకం మూడింటికి ఒక్కతీర్గనే ఉంటది, తిప్పలు లేదు. నాకు మాత్రం మనసొప్పలే. నల్గొండ అంటేనే ఫ్లోరైడ్, వంకర కాళ్ల ఫొటోలు, గంతే అనుకుంటరు బయటోళ్లు. నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి గూడ నాగపూర్‌ల ఉన్న నీరీ పరిశోధన సంస్థ వాళ్లు మన పేరే పెట్టిన్రు, నల్గొండ టెక్నిక్ అని, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చుడు. మా చిన్నతనంల ఎవరడిగినా ఊరి పేరు చెప్తే 'అయ్యో, పండ్లు బాగనే ఉన్నయి గదా నీయి' అనేటోళ్లు. మల్ల ఒక క్రిమికి గూడ అదేనా అనిపించింది.

కాని ఇది సారుతోని వాదించే పద్ధతి కాదు గదా, అందుకే కోడ్‌లకెళ్లే పాయింట్ పట్టిన. ప్రిన్సిపుల్ 4ల ఉంది, పేరు పెట్టేది ప్రధానంగ దాన్ని పిలుచుకోనీకి, దాని లక్షణాలు చరిత్ర చెప్పనీకి కాదు అని. పైగ లక్షణం తప్పని తర్వాత తేలినా ఒకసారి పెట్టిన పేరు అది సరిపోలేదన్న కారణంతోని మార్చనీకి లేదు. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే చూడండి. 1892ల ఫైఫర్ దాన్ని ఫ్లూ రోగుల్ల చూసి ఇదే ఫ్లూ తెప్పిస్తది అనుకున్నడు, 1933ల మనుషుల ఫ్లూ వైరస్ దొరికింది, బ్యాక్టీరియాకు సంబంధం లేదని తేలింది, పేరు మాత్రం ఇప్పటికి అదే. రేపు ఇంకెవరన్న ఇంకో ఊర్ల మన స్పీషీస్‌దే ఫ్లోరైడ్ తట్టుకోలేని స్ట్రెయిన్ పడితే, ఈ పేరు అట్లనే నవ్వులపాలైతది సార్ అన్న. జర సేపు ఏం మాట్లాడలే, తర్వాత 'మరి నువ్వేం పెడ్తవ్' అన్నడు.

జూనియర్ పిల్ల మధ్యల ఐలమ్మ పేరు పెడదామన్నది. చాకలి ఐలమ్మ పేరు లాటిన్‌లకు తెచ్చుడు అల్కనే, 'అ'తోని ముగిసే పేరుకు చివర ఇంగ్లీష్ 'ఈ' అక్షరం తగిలిస్తే అయిపోతది. నాకు గూడ ఆశ పుట్టింది. కాని స్పీషీస్‌కు మనిషి పేరు పెడితే, దాన్ని కనిపెట్టినోళ్లదో, వర్ణించినోళ్లదో, దానితోని ఏదన్న సంబంధం ఉన్నోళ్లదో కావాలని ఒక రెకమెండేషన్ ఉంది. ఆర్యభట్ట అంటే ఖగోళం, పై గాలిల దొరికిన క్రిమికి నడుస్తది. ఐలమ్మ భూమి కోసం కొట్లాడింది. రెకమెండేషనే గదా, రూల్ కాదు గదా అని నేను అన్న, అది నిజమే, పెడితే పేరు వ్యాలిడే అయితది, కాని రివ్యూయర్ దగ్గర దాని మీద ఒక రౌండ్ తిప్పలు పడే ఓపిక సారుకు లేదు. తన పేరు తానే పెట్టుకునుడు గూడ మర్యాద కాదు అంటరు, అది మాకు చెప్పాల్సిన పని పడలే.

ఇగ ఊరి పేరు దగ్గరికొచ్చినం. దానికి ఇంకో అబ్బాయి అడ్డం పడ్డడు. న్యూఢిల్లీ పేరు పెట్టిన, యాంటీబయాటిక్స్ పనిచెయ్యకుండ చేసే ఎన్‌డీఎం-1 ఎంజైమ్ గురించి 2010ల అయిన లొల్లి యాదికి తెచ్చిండు, దేశాన్నే బద్నాం చేసిన్రు అని ఎంత గోల అయింది, నువ్వు జిల్లాను చేస్తవా అక్కా అన్నడు. పైగ ఊర్ల పేర్లు పెట్టొద్దని డబ్ల్యూహెచ్‌వో 2015ల చెప్పింది గదా అన్నడు. పాయింటే, కాని అక్కడ డబ్ల్యూహెచ్‌వో చెప్పింది మనుషులకొచ్చే కొత్త రోగాల పేర్ల గురించి, ఎన్‌డీఎం అనేది ఎంజైమ్, ఈ కోడ్ కిందికి రాదు. మాది మట్టిల బతికే సాదాసీదా బ్యాక్టీరియా, ఎవరికి ఏం చెయ్యదు. బ్యాక్టీరియా పేర్లల్ల ఊర్లు కొల్లలు. సీసీఎంబీ అనే పొట్టి అక్షరాలను 'సెసెంబెన్సిస్' అని తిప్పి 2008ల పిండారి గ్లేసియర్ బ్యాక్టీరియాకు పెట్టుకున్నరు, మనకేంది.

నల్గొండ చివరి 'అ' తీసేసి 'ఎన్సిస్' కలిపితే నల్గొండెన్సిస్. అందరికి నచ్చింది, వాట్సాప్ గ్రూప్‌ల చప్పట్లు గూడ కొట్టిన్రు. కాని మా జీనస్ 'బ్యాక్టీరియం', అది నపుంసకలింగం. స్పీషీస్ పేరు విశేషణమైతే జీనస్ లింగంతోని కలవాలె, అది రూల్, రెకమెండేషన్ కాదు. ఒక్క ఉదాహరణ చాలు: బాసిల్లస్ ఇండికస్, ఎక్సిగ్వోబ్యాక్టీరియం ఇండికమ్. రెండిట్ల ఇండియానే ఉంది, తోక మారింది. కాబట్టి మాది నల్గొండెన్సిస్ కాదు, నల్గొండెన్సె. ఇది చెప్తే గ్రూప్‌ల ఎవరు నమ్మరు, 'ఏదో సగంల ఆగిపోయినట్టున్నది' అంటరు.

ఎందుకైనా మంచిదని మాకు తెలిసిన ఒక పెద్ద ఫాదర్ దగ్గరికి పోయిన. సెమినరీల లాటిన్ నేర్చుకున్న తరం ఆయనది, ఇప్పుడు పెద్దగ ఎవరు అడిగేటోళ్లు లేరు గాబట్టి నేను పోతే సంబురపడ్డడు. కాగితం చూసి 'బ్యాక్టీరియం నపుంసకం, ఎన్సె సరైనదేనమ్మా, కాని నల్గొండ అనే మాట సిసిరోకు తెల్వదు గదా' అని నవ్విండు. అందుకే దాన్ని కొత్త లాటిన్ అంటరు ఫాదర్ అని చెప్పిన. 'బ్యాక్టర్'తోని ముగిసేటివి పుంలింగం అని జుడీషియల్ కమిషన్ తేల్చింది అని చెప్తే 'లాటిన్ లింగాలకు గూడ కమిషనా' అని ఇంకింత నవ్వు. ఉచ్చారణ ఎట్ల విరవాలె, ఒత్తు ఏ అక్షరం మీద పడాలె అన్నది గూడ ఆయన్నే అడిగిన, ఎందుకంటే పేరు ఎట్ల పుట్టిందో రాసుడు 2001 నుంచి తప్పనిసరి, జర్నల్‌ల ఆ లైన్‌ల ఉచ్చారణ గూడ ముక్కలు చేసి రాయాలె. మొత్తం ఒక్క లైన్ రాసినం, ఆ లైన్‌కు పట్టిన టైమ్‌ల నేను మెథడ్స్ సెక్షన్ సగం రాసేదాన్ని.

జుడీషియల్ కమిషన్ అన్న గదా, రూల్ అర్థం మీద తగువొస్తే తీర్పు చెప్పేది అదే. దాని తీర్పులల్ల నాకు బాగ నచ్చింది ప్లేగు సంగతి. ప్లేగు తెప్పించే యెర్సీనియా పెస్టిస్, దాని చుట్టం యెర్సీనియా సూడోట్యూబర్‌క్యులోసిస్, డీఎన్ఏ చూస్తే రెండు ఒకటే స్పీషీస్ అని తేలింది. కాబట్టి రూల్ ప్రకారం పెస్టిస్‌ను దాని కింద సబ్‌స్పీషీస్ చెయ్యాలన్నరు. సైన్స్ పరంగ తప్పులేదు. కాని ల్యాబ్ రిపోర్ట్‌ల సగం పేరు చదివి ప్లేగును మామూలు క్రిమి అనుకుంటే? 1985ల కమిషన్ ఆ సబ్‌స్పీషీస్ పేరును కొట్టేసింది, ప్రాణాలకు అపాయం తెచ్చే పేరు అన్న కారణంతోని. రూల్ 56ఏల ఆ కారణం రాసే ఉంది. రూల్స్ అంటే మొండివి అనుకునేటోళ్లకు నేను ఇదే చెప్తుంట.

పేరు అయింది, ఇగ అయిపోయినట్టే అనుకున్నరు అందరు. కాని పేరు ఏ అక్షరాలు అన్నదాని కంటె కోడ్‌కు ఎక్కువ పట్టింపు ఉన్నది టైప్ స్ట్రెయిన్ మీద. ఆ పేరు శాశ్వతంగ ఒక బతికున్న కల్చర్‌కు కట్టేసి ఉండాలె. మా దగ్గర అదే తోటల తీసిన నాలుగైదు స్ట్రెయిన్లు ఉండె. అండ్ల మంచిగ పెరిగేదాన్ని టైప్ చేద్దాం, అదే అన్నిట్ల అచ్చమైనది అని ఒకరు, కాదు మొదట దొరికింది చేద్దాం అని ఒకరు. రూల్ 15ల చాన స్పష్టంగ ఉంది, టైప్ అనేది ఆ స్పీషీస్‌కు అచ్చమైన నమూనా కానక్కర్లేదు అని. అది పొలం గట్టు మీద పాతిన హద్దురాయి, రాయి నున్నగుందా లేదా అన్నది ఎవరు అడగరు, కొలత అక్కడ్నించి షురూ అయితది. జీనోమ్ పూర్తిగ ఉన్నదాన్నే టైప్ చేసినం, గొడవ లేకుండ.

రూల్ 30 ప్రకారం 2001 జనవరి 1 నుంచి, ఆ టైప్ స్ట్రెయిన్ బతికున్న కల్చర్ రెండు వేర్వేరు దేశాలల్ల, అందరికి అందుబాటుల ఉన్న కల్చర్ కలెక్షన్లల్ల, అంటే క్రిముల బ్యాంకులల్ల, పెట్టాలె, అక్కడ్నించి అడిగినోళ్లకు ఇయ్యాలె. సేఫ్ డిపాజిట్ లెక్క తాళమేసి పెట్టేది, పేటెంట్ కోసం మాత్రమే పెట్టేది చెల్లదు. చదవనీకి రెండు వాక్యాలు. చెయ్యనీకి నా ప్రాణం తీసింది. దేశం లోపల పంపుడు అల్కనే, కొరియర్‌ల పోయింది. బయటి దేశానికి పంపాలంటే 2002 బయోడైవర్సిటీ చట్టం, చెన్నైల ఉన్న జాతీయ జీవవైవిధ్య అథారిటీ, కాగితాలు. హైదరాబాద్‌ల 2012 అక్టోబర్‌ల జీవవైవిధ్య సదస్సు జరిగినప్పుడు నేను స్కూల్ల ఉన్న, ఊరంత బోర్డులు పెట్టిన్రు, మన సంపద మనది అని చదివి మురిసిపోయిన. ఆ మాటలకు ఇట్ల కల్చర్ ట్యూబ్ పట్టుకుని సమాధానం చెప్పాల్సొస్తదని అప్పుడేం తెలుసు. చట్టం తప్పు అనను, మన మట్టిల సూక్ష్మజీవిని ఎవడో పట్కపోయి సొమ్ము చేసుకోవద్దన్నది న్యాయమే. కాని కోడ్ ఏమో అందరికి ఇయ్యి అంటది.

ఈ రెండిటి మధ్యల వచ్చిందే మాకు అసలు పేచీ. ఒక కలెక్షన్ ఇచ్చిన సర్టిఫికెట్‌ల ఒక లైన్ ఉండె, కల్చర్ కావాలన్నోళ్లు సంబంధిత చట్టాల ప్రకారం అనుమతి తీసుకోవాలె అని. రివ్యూయర్ దాన్ని పట్టుకుని, ఇది 'అందుబాటు మీద ఆంక్ష' కిందికొస్తది గదా, రూల్ 30 ప్రకారం టైప్‌గ పనికిరాదు గదా అన్నడు. మా సారుకు కోపమొచ్చింది. నేను మాత్రం మల్ల కోడ్ ముందటేసుకుని కూసున్న. రూల్ ఆంక్షకు ఇచ్చిన ఉదాహరణలు ఏంది, సేఫ్ డిపాజిట్లు, పేటెంట్ కోసం మాత్రమే పెట్టినవి. అంటే పెట్టినోడు తన కోసం తాళమేసుకున్నవి. ఫారం నింపితే ఎవరికైనా వచ్చేదాన్ని గూడ అండ్ల కలిపితే, దిగుమతి పర్మిట్ అడిగే ప్రతి దేశం కల్చర్ చెల్లకుండ పోవాలె, రోగకారక క్రిములైతే ఏ దేశంల గూడ కాగితం లేకుండ ఇయ్యరు. ఇట్లనే రాసినం. ఉత్త వాదనతోని ఆగకుండ, ఈ స్ట్రెయిన్ తమ కేటలాగ్‌ల ఉన్నది, అడిగినోళ్లకు పంపుతం అని కలెక్షన్ నుంచి ఒక లెటర్ గూడ తెప్పించి జత చేసినం. ఎడిటర్ ఒప్పుకున్నడు. నా లెక్కల వాదన కంటె లెటరే పని చేసింది.

బయటి దేశం ట్యూబ్ మాత్రం మొదటిసారి పోయినప్పుడు చచ్చిపోయింది అని మెయిల్ వచ్చింది, దారిల ఎక్కడ ఆగిందో దేవునికే తెలుసు. మల్ల ఫ్రీజ్ డ్రై చేసి పంపినం, అప్పుడు పెరిగింది.

రివ్యూల ఇంకో చిన్న ముచ్చట. నేను ఫైలం (జీనస్ కంటె చానా పైన ఉండే పెద్ద గుంపు) పేరు ఫర్మిక్యూట్స్ అని రాసిన, అందరికి తెలిసిన పేరు గదా అని. ఒక రివ్యూయర్ బాసిల్లోటా అని మార్చమన్నడు. ఫైలం ర్యాంక్ కోడ్ కిందికి వచ్చిందే 2021ల, చివర 'ఓటా' రావాలన్నరు, అప్పట్నించి ప్రోటియోబ్యాక్టీరియా సూడోమొనాడోటా అయింది, ఫర్మిక్యూట్స్ బాసిల్లోటా అయింది. డాక్టర్లు చానామంది పాత పేర్లే వాడుతరు, పేగుల్ల ఉండే బ్యాక్టీరియా గురించి యూట్యూబ్ వీడియోలల్ల అయితే అడగనే వద్దు. నేను మార్చేసిన, దీని మీద కొట్లాడేంత ప్రేమ నాకు లేదు.

ఇంకోటి చెప్పాలె, మా డిపార్ట్‌మెంట్‌ల ఎక్కువమంది అడిగేది ఇదే: కల్చర్ పెరగకపోతే, జీనోమ్ ఒక్కటే ఉంటే పేరు పెట్టొచ్చా? ఈ కోడ్ కింద పూర్తి పేరు రాదు, 'క్యాండిడేటస్' అని ముందట పెట్టి రాస్తరు. అది నచ్చనోళ్లు 2022ల సీక్‌కోడ్ అని వేరే కోడ్ పెట్టుకున్నరు, అండ్ల జీనోమే టైప్. కల్చర్ బయటికి పంపే తిప్పలు చూసినంక వాళ్ల మీద నాకు జాలి లేదు, అసూయ ఉంది. కాని బతికున్న కల్చర్ ఉంటేనే రేపు ఇంకొకడు మన మాట నిజమా కాదా అని పెంచి చూస్తడు గదా, అందుకని నేను ఇప్పటికైతే పాత పద్ధతి దిక్కే.

ఇప్పుడు పేపర్ సవరించి మల్ల పంపినం. అది బ్యాక్టీరియా కొత్త పేర్లకు అధికారిక జర్నల్ అయిన ఐజెఎస్ఈఎమ్‌ల వస్తే అక్కడికక్కడే పేరు వ్యాలిడ్ అయితది, వేరే జర్నల్‌కు పోయి ఉంటే మల్ల సర్టిఫికెట్లు పట్టుకుని ఐజెఎస్ఈఎమ్ వాలిడేషన్ లిస్టుకు అర్జీ పెట్టుకోవాల్సొచ్చేది, అందుకే సారు మొదటే ఇక్కడికే అన్నడు. మొన్న బత్తాయి తోట పెద్దాయన ఫోన్ చేసిండు, 'పేరు పెట్టిన్రా బిడ్డా' అని. పెట్టినం తాతా, ఇంక అచ్చు కాలే అన్న. 'మా తోట పేరు పెడితే అయిపోవు గదా' అన్నడు. తోటల ఇంకో రెండు స్ట్రెయిన్లు వేరే జీనస్‌యి ఉన్నయి, వాటి జీనోమ్‌లు ఇంక రాలే. ఈసారి పేరు సంగతి తర్వాత, కల్చర్లు రెండు దేశాలకు పంపే కాగితాలు మాత్రం ఇప్పుడే షురూ చేసిన.